నత్తో తిన్న పొద్దున

సత్రంలో అడక్కముందే పెట్టారు,
బంక సాగే సోయా గింజలు, మీద కొసరుగా ఆవముద్ద.
పుల్లలకు చుట్టుకున్న దారాలు తెంపుకుంటూ
గిన్నె అడుగుదాకా ఊడ్చి
మోకాటిలోతు మంచులో నడిచి వచ్చాను.

చూరుకు వేలాడే దేవదారు రెమ్మల బంతి
ఇంకా పచ్చగా ఉంది.
ఈ ఏటి సాకే ఇప్పుడిప్పుడే దిగుతోందన్నమాట.

గడపలోనే ఆపేసింది చిహారు.
"పొద్దున నత్తో తిన్నారా?"
అబద్ధమాడదామనే అనుకున్నాను.
గడ్డం మీద ఒక దారం ఇంకా మెరుస్తోందట.

ఆ గింజల్లోని పురుగుకు ఆకలెక్కువ.
లోపల పుడుతున్న దాన్ని పుట్టనివ్వదు.
"చలికాలమంతా మేమెవరం ముట్టం.
మా తోజి కుమగాయ్ గారికి అదంటే ప్రాణం,
వసంతం వచ్చిన రోజున మూడు గిన్నెలు తింటారు."

గడప ఇవతల నిలబడ్డాను.
మడి అనే మాటతో నాకు పాత తగాదాలున్నాయి.
మా నాయనమ్మ ఎన్ని వాకిళ్ల దగ్గర
దోసిలి పట్టి దూరంగా నిలబడిందో
ఆ లెక్క నాకు తెలుసు.
ఈ గడప నా పుట్టుక అడగలేదు,
పొద్దున ఏం తిన్నావని అడిగింది.
రేపు ఏమీ తినకుండా రా, రానిస్తానంది.
ఒక్క రోజు మైల!
నవ్వొచ్చింది, ఆ వెనకే ఇంకేదో వచ్చింది.

తలుపుకు అరచేయంత అద్దం.
బయట చూరు నుంచి మంచు కత్తులు,
లోపల చొక్కాలు విప్పేసిన మనుషులు.
ఉడికిన బియ్యం దుప్పట్ల మీద పరిచి
దానిపైన ఆకుపచ్చ పొడి,
పసిపిల్లకు సాంబ్రాణి వేసినంత మెల్లగా.
రాత్రి రెండు గంటలకోసారి లేస్తారట,
ఒళ్లు కాలుతోందా, చల్లబడిందా అని
వేళ్లు దూర్చి చూస్తారట.

బూజంటే మాకు దులిపేసేది.
వీళ్లు దానికి పక్క వేస్తున్నారు.
సాకే, సాకే అని నోట్లో అనుకుంటుంటే
మా మాట ఒకటి లోపల్నుంచి లేచి నిలబడింది.
సాకే చేతులు. సాకే మనుషులు.
చిహారుకు చెప్పబోయి మానేశాను,
సైగలతో చెప్పే సంగతి కాదది.

కాసేపటికి కుమగాయ్ గారే తలుపు ఓరగా తీసి
కాగితం మీద చిటికెడు బియ్యం జారవిడిచారు.
ఒక్కో గింజకూ తెల్లటి నూగు.
నమిలితే కాల్చిన పనసగింజ,
నమిలే కొద్దీ తీపి.
ఆయన నా మొహం చూశారు,
మందు వేసిన వైద్యుడు చూసినట్టు.

మధ్యాహ్నం ఫుసామ్మ పొయ్యి దగ్గర మాత్రం
నాకు అడ్డు లేదు.
పొగ పట్టించిన ముల్లంగి, కొరికితే కలప వాసన.
పుల్లకు మెత్తి కాల్చిన అన్నం.
ఉరిమినప్పుడే ఒడ్డుకొచ్చే చేప ఒకటి,
పొట్టలో గుడ్లు పంటి కింద పటపటమన్నాయి.
నేను వేళ్లు మడుస్తూ చెప్పాను:
వరి, వడ్లు, బియ్యం, అన్నం.
ఫుసామ్మ వేళ్లు మడిచింది:
ఇనె, మొమి, కొమె, గొహాన్.
నాలుగు మెట్లూ సరిపోయాయి.
ఐదోదిగా కల్లుండ రంగు పిడత ముందుకు జరిపింది.
ఐదోదానికి నేను
తరవాణి అన్నాను,
ఎండల్లో కుండ అడుగున పులిసిన మెతుకు నీళ్లు.
"తారావాని," అంది, రెండుసార్లు,
మనవరాలి పేరు విన్నట్టు.

సాకే మొదట చల్లగా,
తర్వాత గంజి వార్చే ఆవిరిలా ముక్కులోకి,
ఆ తర్వాత ఎక్కడికి పోయిందో తెలీలేదు.
గుక్కకూ గుక్కకూ మధ్య
ఎవరూ మాట్లాడలేదు.

ఈ పొద్దున సత్రంలో ఆవిడ
గిన్నె పెట్టబోయి ఆగింది.
నేను చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.
"కురా?" అంది, గడ్డంతో వీధి చివర చూపించి.
తలూపాను.
గిన్నె వెనక్కి పట్టుకెళ్లి
ఎండుచేప ముక్క తెచ్చిపెట్టింది,
పుల్లలు కూడా కొత్తవి.